వైరు తగిలించి ఉన్నంతసేపూ

మా బావ మెడలో ఎప్పుడూ ఒక బూడిదరంగు వైరు వేలాడుతూ ఉండేది. దానికి ఒక కొసన అగ్గిపెట్టెంత నీలం డబ్బా, రెండో కొసన పది చిన్న రంధ్రాలున్న నల్లటి ప్లగ్గు. దాన్ని డీబగ్గర్ అంటారు. పొద్దున్నే వర్క్‌షాపులో అడుగుపెట్టగానే చెప్పులు విడిచినంత మామూలుగా దాన్ని సొరుగులోంచి తీసి మెడలో వేసుకునేవాడు. మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు కూడా తీసేవాడు కాదు. అందుకని అక్కడ అందరూ ఆయన్ని డాక్టరు అని పిలిచేవారు. డిప్లొమా మధ్యలో మానేసిన మనిషికి ఆ పిలుపు ఎంత ఇష్టమో మొహంలో కనపడనిచ్చేవాడు కాదు కానీ, ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే మాత్రం రెండోసారికి గాని పలికేవాడు కాదు.

నేను అదే వర్క్‌షాపులో సోల్డరింగ్ చేస్తాను. అక్క మొగుడు కాబట్టి చేర్పించాడని అందరూ అంటారు. చేర్పించాడు, నేనెందుకు కాదంటాను? కానీ ఈ పన్నెండేళ్ళలో నా చేతి టంకం ఊడిన బోర్డు ఒక్కటి చూపించమనండి. నాకు ముక్కు మీద కోపం అని కూడా అంటారు. అదీ నిజమే. నేను చెప్పబోయే సంగతిలో నాకు అందరికంటే ఎక్కువ కోపం వచ్చింది బావ మీద, ఆ తర్వాత నా మీద.

మేము తయారుచేసేది ఒకటే వస్తువు. ఇంట్లో ఆక్సిజన్ మీద ఉన్న రోగి మంచం పక్కన పెట్టే అలారం పెట్టె. ట్యూబు మడతపడినా, ఊడినా, ఆక్సిజన్ మిషను ఆగినా అది కనిపెట్టి చెవులు చిల్లులు పడేలా కూస్తుంది. మూత మీద ఒక పచ్చ దీపం, ఒక టెస్టు బటన్. లోపల బోర్డు, బోర్డు మీద గోరంత చిప్పు. ఆ చిప్పు ఏం చేయాలో చెప్పే ప్రోగ్రాం రాసేది బావ. ఇంట్లో వాళ్ళు పక్క గదిలో వంట చేసుకుంటున్నా, స్నానానికి వెళ్ళినా ఫరవాలేదని ధైర్యపడేది ఆ పెట్టెని చూసుకునే.

ఆయన ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ప్రోగ్రాంలో ఒక్క లైను మార్చాలన్నా చిప్పుని బోర్డు మీంచి పీకి, ఊదారంగు దీపం కింద ఇరవై నిమిషాలు పెట్టి, పాతదంతా చెరిపి, కొత్తది ఎక్కించి, మళ్ళీ బోర్డులో గుచ్చాలట. అప్పటికీ పనిచేయకపోతే ఎందుకు చేయలేదో చెప్పే నాథుడు ఉండడు. ఊహించుకోవాలి, మళ్ళీ దీపం కింద పెట్టాలి. "చీకట్లో సూదికి దారం ఎక్కించినట్టు ఉండేది మరదలా" అనేవాడు. కొన్నేళ్ళకి ఈ నీలం డబ్బా వచ్చింది. బోర్డుకి తగిలిస్తే చాలు, నడుస్తున్న ప్రోగ్రాంని కావలసిన లైను దగ్గర ఆపి, ఆ క్షణాన చిప్పు ఏ అంకె పట్టుకుని కూర్చుందో కంప్యూటర్ తెర మీద చూడొచ్చు. మొదటిసారి చూసిన రోజున ఇంటికొచ్చి అక్కతో రెండు గంటలు అదే చెప్పాడట. "నా మనసులో ఏముందో ఇన్నేళ్ళలో ఒక్కసారైనా అడిగారా? చిప్పు మనసులో ఏముందో తెలుసుకుని పొంగిపోతున్నారు" అందట అక్క.

ఆయనకి ఏదైనా కళ్ళముందు ఉండాలి. పాలు పొయ్యి మీద పెడితే పొంగేదాకా అక్కడే నిలబడతాడు. తాళం వేసి మూడుసార్లు లాగి చూసి, నాలుగు మెట్లు దిగి మళ్ళీ ఎక్కి వెళ్ళి లాగుతాడు. అలాంటి మనిషికి లోపలికి చూపించే వైరు దొరికితే ఇక వదులుతాడా? ఏ బోర్డు ఆయన బల్ల మీదకి వచ్చినా ముందు వైరు తగిలించేవాడు. పని ముగిసేదాకా తీసేవాడు కాదు.

క్రితం ఏడాది మా యజమాని ఒక పని అప్పగించాడు. కరెంటు పోతే మా పెట్టె లోపలి బ్యాటరీ మీద నడుస్తుంది, అది నాలుగు గంటలకే అయిపోతోంది, ఇంకా ఎక్కువసేపు వచ్చేలా చెయ్యమన్నాడు. బావ పది రోజులు కూర్చుని దారి కనిపెట్టాడు. కరెంటు పోయి పది నిమిషాలు దాటితే చిప్పు నిద్రపోతుంది. రెండు సెకన్లకోసారి లేచి, ట్యూబులో గాలి ఉందో లేదో చూసి, ఉంటే మళ్ళీ పడుకుంటుంది, లేకపోతే కూస్తుంది. లేచిన ప్రతిసారీ టైము ఒక మూల రాసుకుంటుంది కూడా. పెట్టెని స్విచ్చి దగ్గర పూర్తిగా ఆర్పేస్తే ఆ రాత చెరిగిపోతుంది, ఆర్పనంతవరకూ ఉంటుంది. ఈ ఏర్పాటుతో నాలుగు గంటల బ్యాటరీ రెండు రోజులకి పెరిగింది. యజమాని అందరిముందూ భుజం తట్టాడు.

ఎనిమిది రోజులు పరీక్షించాడు. కరెంటు ప్లగ్గు పీకడం, ఇరవై నిమిషాలు ఆగడం, ట్యూబు నొక్కడం, అది కూయడం, మేమంతా చెవులు మూసుకోవడం. ఆ ఎనిమిది రోజులూ బూడిదరంగు వైరు బోర్డుకి అతుక్కునే ఉంది.

"ఆ తాడు విప్పితే అదేమైనా పారిపోతుందా బావా?" అన్నాను ఒకరోజు.

"విప్పితే లోపల ఏం జరుగుతోందో నాకెలా తెలుస్తుంది?" అన్నాడు నవ్వుతూ.

ఆ మాట విని నేనూ నవ్వాను. కొత్త ప్రోగ్రాంతో రెండు వందల నలభై పెట్టెలు బయటికి వెళ్ళాయి.

అందులో ఒకటో నంబరుది మా అమ్మ మంచం పక్కకి వచ్చింది. అమ్మ అక్క దగ్గరే ఉంటుంది. ఊపిరితిత్తులు పాడై రెండేళ్ళుగా ఆక్సిజన్ మీదే బతుకుతోంది. ఇంట్లో పెట్టె ఎలా నడుస్తోందో రోజూ చూసుకోవాలని బావ తన పాత డీబగ్గర్ దానికి తగిలించి, ఒక పాత ల్యాప్‌టాప్‌కి కలిపి బీరువా పక్కన పెట్టాడు. కరెంటు పోయినప్పుడూ, వచ్చినప్పుడూ, అమ్మ ట్యూబు సర్దుకున్నప్పుడల్లా అది కెవ్వుమనేది. "రోగం చంపకపోయినా ఈ పెట్టె నన్ను చంపేలా ఉంది" అనేది అమ్మ. అయినా అది కూసినప్పుడల్లా మా అందరికీ లోపల కొండంత ధైర్యంగా ఉండేది.

మూడు నెలలకి ఒక నర్సింగ్ హోం నుంచి ఒక పెట్టె తిరిగొచ్చింది. "ట్యూబు ఊడినా కూయలేదు. ఆయా చూసింది కాబట్టి సరిపోయింది" అని చీటీ ఉంది. అది చదివి బావ మొహం పాలిపోయింది. ఆ రోజు అన్నం కూడా తినలేదు. పెట్టె విప్పి, వైరు తగిలించి, ఐదు రోజులు దాన్ని వదిలిపెట్టలేదు. నొక్కిన ప్రతిసారీ కూసింది. లోపలి అంకెలన్నీ ఉండవలసినట్టే ఉన్నాయి. "మనింట్లోది మూడు నెలలుగా ఒక్కసారి కూడా తప్పలేదు. వాళ్ళే ట్యూబు సరిగ్గా పెట్టి ఉండరు" అన్నాడు చివరికి. తిరిగొచ్చిన వాటికి మేము పసుపు అట్టముక్క కడతాం, ఏం కనపడిందో దాని మీద రాసి. ఆయన చెప్పాడు, నేను రాశాను. లోపం లేదు. తేదీ వేసి, దారంతో ముడివేసి, పార్సిల్ చేసిందీ నేనే.

ఆ తర్వాత ఆరు వారాలకి అనుకుంటాను, నాకు సెలవు రోజున అక్క ఇంట్లో ఉన్నాను. బావ బజారుకి వెళ్ళాడు. పొద్దున్న గది తుడుస్తూ, వైరు కాళ్ళకి అడ్డం పడుతోందని అక్క దాన్ని పెట్టె నుంచి ఊడదీసి, చుట్టచుట్టి ల్యాప్‌టాప్ మీద పెట్టింది. పది గంటలకి కరెంటు పోయింది. అమ్మకి మిషను ట్యూబు తీసి సిలిండర్ ట్యూబు పెట్టాం. పెట్టె మామూలుగానే ఒకసారి కెవ్వుమంది. అరగంటకి కరెంటు వచ్చింది, మళ్ళీ మిషను ట్యూబు పెట్టాం. పెట్టె ఏమీ అనలేదు.

"ఇవాళ దీనికి బుద్ధి వచ్చిందే" అంది అక్క.

నేను కుర్చీ లాక్కుని అమ్మ దగ్గర కూర్చున్నాను. మా యజమాని కొత్త కళ్ళజోడు గురించి ఏదో వెక్కిరిస్తున్నాను. అమ్మ నవ్వుతోంది. కాసేపటికి నవ్వడం మానేసింది. నా మాటలు నచ్చలేదేమో అనుకుని ఇంకా గట్టిగా చెప్పాను. అప్పుడు చూశాను, పెదాలు నల్లబడుతున్నాయి, చెయ్యి దుప్పటిని పట్టుకుని లాగుతోంది. మిషను నడుస్తోంది. పెట్టె మీద పచ్చ దీపం వెలుగుతోంది. ఏం చేయాలో తోచక లేచి నిలబడ్డాను. లేవడంతో కుర్చీ జరిగింది. దాని కాలు కింద ట్యూబు నలిగి ఉంది.

అమ్మకి ఊపిరి సరిగ్గా అందడానికి పావుగంట పట్టింది. ఆ పావుగంట గురించి నేను ఎవరితోనూ మాట్లాడను. బావ సంచీలతో గుమ్మంలోకి రాగానే మాత్రం ఒంటికాలి మీద లేచాను. "మీ పెట్టె కూయలేదు. నా కుర్చీ కింద ట్యూబు పడితే, నేను ఎదురుగా కూర్చుని కబుర్లు చెబుతుంటే, అది దీపం వెలిగించుకుని చూస్తూ కూర్చుంది. దీనికేనా మీకు భుజాలు తట్టింది?"

ఆయన ల్యాప్‌టాప్ మీద చుట్టచుట్టి ఉన్న వైరుని చూస్తున్నాడు.

"ఇది ఎవరు తీశారు?" అన్నాడు.

"నేనే తీశాను. తుడవడానికి అడ్డమొస్తోందని" అంది అక్క. "తీయకూడదా?"

అమ్మని సిలిండర్ మీదకి మార్చి, ఆయన పెట్టెని తీసుకుని నేల మీద కూర్చున్నాడు. వైరు తగిలించాడు, ఆర్పి వెలిగించాడు, ప్లగ్గు పీకాడు, ఇరవై నిమిషాలు చూశాడు, నొక్కాడు. కూసింది. వైరు తీసి, పెట్టెని ఆర్పి వెలిగించి, మళ్ళీ ప్లగ్గు పీకి, మళ్ళీ ఇరవై నిమిషాలు. నొక్కాడు. నిశ్శబ్దం. ఇంకోసారి చేశాడు. మళ్ళీ నిశ్శబ్దం. నేను తిట్టాలనుకున్న తిట్లన్నీ ఆయన మొహం చూసి మింగేశాను.

"వైరు ఉన్నంతసేపూ ఇది నిజంగా నిద్రపోలేదు" అన్నాడు గోడతో చెబుతున్నట్టు. "లోపలికి చూడాలంటే చిప్పు మెలకువగా ఉండాలి కదా. అందుకని డీబగ్గర్ దాన్ని పూర్తిగా పడుకోనివ్వదు. లోపలి గడియారం ఆగకుండా పట్టుకుని ఉంటుంది. వైరు తీస్తే గడియారం ఆగిపోతోంది. లేవగానే దాన్ని మళ్ళీ నడిపించాలి, లేకపోతే ఇంకోసారి లేవదు. ఆ రెండు లైన్లు నేను రాయలేదు. వైరు ఉంటే అవి లేని లోటు తెలియదు."

"ఈ సంగతి మీకు తెలీదా?" అన్నాను.

"చిప్పు పుస్తకంలో ఉంది. చదివాను కూడా."

అప్పుడు మిగతావీ ఒక్కొక్కటే అర్థమయ్యాయి. నర్సింగ్ హోం పెట్టె పార్సిల్‌లో రావాలంటే ఎవరో దాన్ని ఆర్పాలి. ఆర్పి వెలిగిస్తే చిప్పు మళ్ళీ మొదటినుంచి లేస్తుంది. మా బల్ల మీదకి వచ్చేసరికి దాని జబ్బు దానంతటదే మాయమైంది. పైగా మేము వెంటనే వైరు తగిలించాం. ఇక ఇళ్ళలో, కరెంటు పది నిమిషాలకి మించి పోయి వచ్చిందంటే, ఆ పెట్టె పచ్చ దీపం వెలిగించుకుని నిద్రపోతూనే ఉంటుంది. దీపం నేరుగా కరెంటుకి కలిపి ఉంది, దానికీ చిప్పుకీ సంబంధం లేదు. టెస్టు బటనూ అంతే, నొక్కితే బజర్ మోగుతుంది తప్ప చిప్పు లేచి ఉందో లేదో చెప్పదు.

అమ్మ మంచం మీంచి ఇదంతా వింటోంది. "నేను బాగానే ఉన్నాను నాయనా" అంది మెల్లగా. "మిగతా వాళ్ళని చూడు."

మర్నాడు బావ యజమాని గదిలోకి వెళ్ళాడు. తలుపు తెరిచే ఉంది కాబట్టి నేను విన్నాను. యజమాని చెడ్డవాడేమీ కాదు, భయస్థుడు. "సర్వీసు అని చెప్పి నెమ్మదిగా తెప్పిద్దాం. అందరినీ ఒకేసారి భయపెట్టడం ఎందుకు?" అన్నాడు. బావ మెడలోంచి వైరు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇవాళ్టి నుంచి నేనే ఫోన్లు చేస్తాను. ఇక్కడ వద్దంటే రోడ్డు మీద నిలబడి చేస్తాను" అన్నాడు. నీళ్ళు నములుతూ యజమాని లిస్టు తీసి ఇచ్చాడు. ఆ వైరుని బావ మళ్ళీ మెడలో వేసుకోవడం నేను చూడలేదు.

ఆ రెండు లైన్లు రాయడానికి ఆయనకి గంట పట్టింది. వైరు లేకుండా పరీక్షించడానికి నాలుగు రోజులు. అవతల రోజూ ఫోన్లు. "మీ పెట్టెలో తప్పుంది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా దాన్ని పూర్తిగా ఆర్పి వెలిగించండి. బాగుచేసి ఇచ్చేదాకా దాన్ని నమ్మకండి." తను రాసిన దాన్ని నమ్మవద్దని ఆయన ఎంతమందికి చెప్పాడో లెక్కలేదు. కొందరు తిట్టారు, వింటూ నిలబడ్డాడు. కొందరు ఏడ్చారు, అప్పుడు మాత్రం కుర్చీలో కూర్చునేవాడు. నంబర్ల లిస్టు నా బల్ల ఎదురుగా గోడకి అతికించాడు. ఒక్కో పెట్టె రాగానే నేను విప్పడం, ఆయన కొత్త ప్రోగ్రాం ఎక్కించడం, ఎర్ర పెన్నుతో కొట్టేయడం. తెలిసినంతలో ఎవరికీ ప్రాణం మీదకి రాలేదు. లిస్టు ఎర్రబడుతున్నకొద్దీ ఆయన మళ్ళీ అన్నం తినడం మొదలుపెట్టాడు.

ఆరు వారాలకి ఒక్కటి మిగిలింది. నూట అరవై మూడు. ఆ ఫోను మొదటిరోజు నుంచీ స్విచ్చాఫ్. రోజుకి నాలుగుసార్లు చేసేవాడు, ఆ స్విచ్చాఫ్ మాటే వినేవాడు. చివరికి పెట్టె అమ్మిన మందుల షాపువాళ్ళు పాత బిల్లులు వెతికి అడ్రసు ఇచ్చారు. "నేనూ వస్తాను" అన్నాను. వద్దనలేదు.

మూడంతస్తుల పాత మేడ, పై అంతస్తు. మెట్లమీద ఉండగానే కుట్టు మిషను చప్పుడు వినపడింది. తలుపు తీసిన ఆవిడకి అరవై అయిదేళ్ళు ఉంటాయి. మెడలో కొలతల టేపు, జాకెట్టు అంచుకి గుచ్చిన రెండు సూదులు. మేమెవరమో చెప్పగానే ఆవిడ మొహం విప్పారింది.

"ఆ పెట్టె వాళ్ళా? రండి, రండి. ఇంత దూరం ఎక్కి వచ్చారే. ఆ ఫోను మా ఆయనది నాయనా. ఆయన పోయాక ఆర్పి సొరుగులో పడేశాను."

ఎప్పుడు పోయారని నేనే అడిగాను. తేదీ చెప్పింది. రెండు నెలలు కూడా కాలేదు.

"నిద్రలోనే పోయారమ్మా. మధ్యాహ్నం అన్నం తిని పడుకున్నారు, నాలుగింటికి టీ ఇద్దామని లేపితే లేవలేదు. ట్యూబు చేతి కింద నలిగి ఉంది, పోయేటప్పుడు చెయ్యి అలా పడిందేమో అనుకున్నాం. నిద్రలో పోవడం అదృష్టం అన్నారు అందరూ." పక్క గది వైపు చూసి మళ్ళీ అంది. "మీ పెట్టె మాత్రం బంగారం. ఒక్కనాడూ విసిగించలేదు. చివర్లో అయితే ఆయన ట్యూబు సర్దుకున్నా నోరెత్తేది కాదు. రోజూ పొద్దున్నే బటన్ నొక్కి చూసుకునేదాన్ని, చక్కగా కూసేది."

పక్క గదిలో, ఖాళీ మంచం పక్కన చిన్న బల్ల మీద పెట్టె ఉంది. దుమ్ము లేకుండా తుడిచి ఉంది. పచ్చ దీపం వెలుగుతోంది.

"ఆర్పబుద్ధి కాలేదు" అంది ఆవిడ. "ఆ దీపం ఉంటే ఆయన గదిలో ఉన్నట్టే ఉంటుంది."

"ఒకసారి చూసుకుంటానమ్మా" అన్నాడు బావ. ఆవిడ మంచినీళ్ళు తేవడానికి వంటింట్లోకి వెళ్ళింది. ఆయన సంచీలోంచి వైరు, ల్యాప్‌టాప్ తీశాడు. పెట్టె ఆర్పలేదు కాబట్టి, చివరిసారి ఎప్పుడు లేచిందో అది రాసుకున్న టైము ఇంకా అందులోనే ఉంటుంది. చూడకుండా వెళ్ళిపోవచ్చు. చూడకపోతే ఎప్పటికీ తెలియదు. నేను ఆయన మోచెయ్యి పట్టుకుని ఆపుదామనుకున్నాను, కానీ ఆ మనిషి చూడకుండా ఉండలేడని నాకు తెలుసు. మూత నేనే పట్టుకున్నాను. తెర మీద ఒక పొడవాటి అంకె వచ్చింది. ఆయన దాన్ని తేదీగా మార్చాడు. వేళ్ళ మీద లెక్కపెట్టాడు, మళ్ళీ లెక్కపెట్టాడు.

"పోవడానికి పంతొమ్మిది రోజుల ముందు ఆగిపోయింది" అన్నాడు.

నేను ఇంకో లెక్క వేసుకున్నాను. నర్సింగ్ హోం పెట్టెకి పసుపు అట్టముక్క కట్టిన రోజు, ఇది ఆగిపోవడానికి రెండు వారాల ముందు. ఆ రోజు మేము వైరు తీసి ఒక్కసారి చూసి ఉంటే ఈ మంచం ఖాళీ అయ్యేది కాదు. అట్ట మీద ఆ రెండు మాటలు రాసింది ఈ చేతులే.

నీళ్ళు తాగాం. ఆవిడకి అసలు సంగతి చెప్పకుండానే బయటికి వచ్చాం. సర్వీసుకని నేను అడిగి తీసుకున్న పెట్టె బావ సంచీలో ఉంది. రెండో అంతస్తు మలుపులో ఆయన ఆగిపోయాడు.

"వద్దు బావా" అన్నాను. ఆయన అడగకముందే అన్నాను. "ఆయన నిద్రలో పోయాడనుకుని ఆవిడ కాస్త ఊరటగా ఉంది. ఇప్పుడు మీరు వెళ్ళి చెబితే ఆయన తిరిగొస్తాడా? మీ గుండె బరువు దింపుకోవడానికి ఆవిడ నెత్తిన పెడతారా?"

అది అన్యాయమైన మాట కాదు. ఇప్పటికీ అందులో సగం నిజం ఉందనే అనుకుంటున్నాను. ఆయన చాలాసేపు రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డాడు. పైన కుట్టు మిషను మళ్ళీ మొదలైంది.

"లోపం లేదు అని ఒకసారి చెప్పాను" అన్నాడు. "ఇప్పుడు ఈ మెట్లు దిగితే రెండోసారి చెప్పినట్టే."

వెనక్కి ఎక్కాడు. నేనూ ఎక్కాను.

ఆయన నిలబడే చెప్పాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. నిద్ర, గడియారం, వైరు, అన్నీ ఆవిడకి అర్థమయ్యే మాటల్లో చెప్పాడు. బటన్ బజర్‌ని మాత్రమే చూపిస్తుందని, ఆవిడ చేయవలసిందంతా చేసిందని, తప్పు రాసినవాడిదని, రాసింది తనేనని చెప్పాడు. "పరీక్షించానమ్మా, కానీ తప్పుగా పరీక్షించాను" అన్నాడు. ఆవిడ మిషను మీద ఉన్న గుడ్డని రెండు చేతులతో సాపు చేస్తూ వింది.

అంతా అయ్యాక, మా ఇద్దరినీ చూడకుండా ఆ మిషనుని చూస్తూ అంది.

"ఆ రోజు నేను కుడుతూనే ఉన్నాను. ఇదే గదిలో. దీని చప్పుడుకి ఆయన పిలిచినా నాకు వినపడదని పెట్టె తెప్పించాం. దాని కూత ముందు నా మిషను చప్పుడు ఏపాటిది అని, తలుపు దగ్గరికి వేసుకుని కుట్టుకుంటూ కూర్చున్నాను."

బావ తలవంచుకున్నాడు. నాకు అక్కడి నుంచి పారిపోవాలనిపించింది. ఆవిడ సొరుగులోంచి కొలతలు రాసుకునే పుస్తకం తీసి, ఒక కాగితం చింపి, ఆయన ముందు పెట్టింది.

"నాకు ఇదంతా గుర్తుండదు. రాసివ్వండి."

రాశాడు. నూట అరవై మూడో నంబరు పెట్టె ఫలానా తేదీ నుంచి పనిచేయలేదని, దానికి కారణం ప్రోగ్రాంలో తను చేసిన తప్పని, తన పేరు, ఇంటి అడ్రసు, సంతకం. ఆవిడ చదువుకుని మడతపెట్టి సొరుగులో పెట్టింది. "ఇక వెళ్ళండి" అంది. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది.

ఇది జరిగి ఏడు నెలలైంది. ఆ కాగితం ఆవిడ ఎవరికి చూపించిందో, అసలు చూపించిందో లేదో మాకు తెలియదు. తలుపు ఎవరు తట్టినా అక్క ముందు ఆయన వైపు చూస్తుంది. ఆయనే వెళ్ళి తీస్తాడు. వర్క్‌షాపులో ఇప్పుడు ఆయన్ని డాక్టరు అని ఎవరూ పిలవడం లేదు, ఎవరూ మానమని చెప్పలేదు, మానేశారంతే. పచ్చ దీపాన్ని చిప్పుకి కలిపే కొత్త బోర్డు గీయించాడు, దానికి టంకం వేస్తున్నది నేనే. చిప్పు నిద్రలేచిన ప్రతిసారీ దీపం ఒకసారి రెప్పవేస్తుంది.

వైరు ఆయన బల్ల పక్కన మేకుకి వేలాడుతూ ఉంటుంది. ప్రోగ్రాం రాసేటప్పుడు వాడతాడు, పరీక్షించే ముందు తీసి మేకుకి తగిలిస్తాడు. ప్రతి పెట్టెకీ మూత బిగించి, ప్లగ్గు పీకి, ఎదురుగా కుర్చీ వేసుకుని, లోపల ఏం జరుగుతోందో తెలియకుండా ఇరవై నిమిషాలు కూర్చుంటాడు. అంతకంటే కష్టమైన పని ఆయనకి ఇంకొకటి లేదు. ఆ తర్వాత ట్యూబు నొక్కుతాడు. అది కూయగానే మేమంతా చెవులు మూసుకుంటాం. ఆయన మూసుకోడు. అది దానంతటది ఆగేదాకా చేతులు ఒళ్ళో పెట్టుకుని వింటాడు.